పాలపొడి కలిపిన రోజులు

జూన్ 5, 1996. బుధవారం

సీసా వచ్చేసింది. మద్రాసు నుంచి, థర్మోకోల్ పెట్టెలో, పొగలు కక్కే డ్రై ఐస్ మధ్య. పెట్టెలో మిక్సీ పడుతుంది. సీసా చూస్తే నా చిటికెన వేలంత. లోపల పొడి చిటికెడు ఉప్పంత కూడా లేదు.

నళిని రెండు చేతులా పట్టుకుని చూపించింది. "నాలుగు నెల్లుగా దీనికోసరమే కాచుకోని ఉండా, సారమ్మక్కా." ఫారిన్ సరుకును కస్టమ్స్ వాళ్ళు ఇప్పుడు ముందు మాదిరి ఆపడం లేదట. లేకుంటే ఏడాది పట్టేదట.

నళిని పొన్నై ఊరి పిల్ల. ఇంట్లో తెలుగే, కానీ అక్షరం ఒక్కటీ రాదు. చదువంతా తమిళం, ఇంగ్లీషు. వేలూరు ఆసుపత్రిలోని ఈ ల్యాబులో నాతో మన భాష మాట్లాడేది తనొక్కతే.

జూన్ 6

నళిని చెప్పినది మరిచిపోకముందే రాసుకోవాలి.

బయోటిన్ అంటే ఒక విటమిన్. కంపెనీ వాళ్ళు దానికి కొక్కెం లాంటిది తగిలించి అమ్ముతారు. ప్రోటీన్ తగిలితే కొక్కెం పట్టుకుంటుంది, ఇక వదలదు. "ఈ రకం పొర దాటి కణం లోపలికి పోలేదక్కా. బయట ఏముండాదో దానికే అంటుకుంటాది. అందుకే దీన్ని తెప్పించినాం."

రక్తాన్ని సంచిలో వారాల తరబడి ఉంచితే ఎర్రకణాలు సన్న సన్న బుడగలు విడుస్తాయట. వెసికిల్స్ అంటారు. ఆ బుడగలు పోతూ పోతూ కణం ఒంటి మీది ఏ ప్రోటీన్లను తీసుకుపోతున్నాయి? పాత రక్తం ఎక్కిస్తే పనిచేయడం తగ్గేది అందుకేనా? ఇదీ నళిని పిహెచ్‌డి.

తొమ్మిదేళ్ళుగా ఈ గదిలో గొట్టాలు కడుగుతున్నాను. ఎవరూ ఇంత వివరంగా చెప్పలేదు. నేనూ అడగలేదు.

జూన్ 12

మొదటి బ్లాట్. కణాలకు బయోటిన్ అంటించి, ప్రోటీన్లను కరిగించి, జెల్‌లో సైజు ప్రకారం విడదీసి, తెల్ల కాగితం లాంటి పొర మీదికి దించారు. ఆ పొరనే బ్లాట్ అనడం. దాని మీది ఖాళీ చోట్లు మూతపడడానికి నేను కలిపిన జెలటిన్ ద్రావణంలో నానబెట్టారు, దీన్నే బ్లాకింగ్ అంటారు. తర్వాత బయోటిన్‌ను వెతికి పట్టుకునే స్ట్రెప్టావిడిన్. చివర్న రంగు మందు. బయోటిన్ ఉన్న చోట గోధుమరంగు గీత రావాలి.

ఏమీ రాలేదు. కొత్తగా సున్నం కొట్టిన గోడలా ఉంది.

జూన్ 14

నళిని ల్యాబు పెద్ద సార్ గదిలోకి వెళ్ళి తప్పు ఒప్పుకుంది. తలుపు తీసే ఉంది, అందరికీ వినపడింది. ఫ్రీజర్లోంచి తీసిన సీసాను తీసినట్టే తెరిచిందట. చల్లటి సీసాకు చెమట పడుతుంది కదా, ఆ తేమకే పొడి చెడిపోయింది. తడి తగిలితే కొక్కెం విరిగిపోతుందట.

సార్ "ఇంకోటి తెప్పించు. గంటసేపు బయట పెట్టి తెరువు" అన్నారు. అంతే.

నేనైతే ఒప్పుకునేదాన్నా? తెలియదు. నళిని మీద నాకు గౌరవం పెరిగింది.

జూన్ 23, ఆదివారం

మోర్ధానా నుంచి మా ఆయన రత్నం వచ్చాడు. ఆనకట్ట పని మళ్ళీ ఊపందుకుందట. చేతుల మీద సిమెంటు పగుళ్ళు. కొబ్బరినూనె రాశాను. బయోటిన్ సంగతి చెబితే శ్రద్ధగా విని — "ఇంతకీ నువ్వు కడిగేది గిన్నెలే గదా సారా" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. శాంతి కూడా నవ్వింది. ప్లస్ టూకి వచ్చినప్పటి నుంచి దానికి అమ్మ ఉద్యోగం చిన్నగా కనిపిస్తోంది.

నవ్వనీ. గాజు కడగడం వీళ్ళకేం తెలుసు. కడిగిన గొట్టం మీద నీళ్ళు బొట్లు బొట్లుగా నిలబడకూడదు, పలచగా పరుచుకుని జారిపోవాలి. బొట్టు నిలిచిందంటే జిడ్డు ఉన్నట్టు. ల్యాబు మొత్తంలో నా గొట్టాల మీద బొట్టు నిలవదు.

జూలై 18

రెండో సీసా. మద్రాసు ఏజెంటు దగ్గర ఒకటి మిగిలి ఉండబట్టి ఈసారి నెలలోనే వచ్చింది. బల్ల మీద పెట్టి, గంటసేపు ఎవరూ ముట్టకుండా నన్ను కాపలా కూర్చోబెట్టారు. కూర్చున్నాను. గడియారం చూసుకుంటూ.

జూలై 24

గుడియాత్తం బస్సు ఆలస్యం, అయినా నళిని కంటే ముందే చేరాను. జెలటిన్ అయిపోయింది, స్టోరు నుంచి తెచ్చిన పాలపొడి డబ్బా తెరిచి బ్లాకింగ్ కలిపాను.

సాయంత్రం రంగు మందు పోశారు. చూస్తుండగానే గోధుమరంగు వచ్చింది — గీతలు కాదు, మొత్తం బ్లాట్. టీలో ముంచి తీసినట్టు. ఎక్కడ గీత ఉందో, ఎక్కడ లేదో దేవుడికే తెలియాలి.

జూలై 26

మళ్ళీ అదే. మళ్ళీ పాలపొడే కలిపాను, అదే తూకం, అదే ట్రే. మళ్ళీ టీ రంగు. నళిని అన్నం డబ్బా తెరవకుండానే ఇంటికి తీసుకుపోయింది.

జూలై 29, సోమవారం

ఇవాళ నా రక్తం ఇచ్చాను. నళినికి సంచిలో దాచడానికి రక్తం కావాలి, అయిదు వారాలు ఉంచాలి. ఇస్తామన్న స్టూడెంటు జ్వరమని రాలేదు. "నాది తీసుకో" అన్నాను. "నిజంగానా అక్కా?" అని రెండు సార్లు అడిగింది. చిన్న సంచే. మీద నంబరు రాసి ఫ్రిజ్‌లో పెట్టారు. ఇంటికి వచ్చే దారంతా బస్సు కిటికీ పక్కన కూర్చుని ఆ సంచి గురించే ఆలోచన. నేను గుడియాత్తంలో, నా రక్తం వేలూరులో చల్లగా.

ఆగస్టు 1

పాలపొడి అయిపోయింది, స్టోరులో కూడా లేదు. అడిగితే "ఏముండాదో అది వెయ్యక్కా" అంది నళిని. ఆవు రక్తం నుంచి తీసిన ఆల్బుమిన్ పొడి సీసా ఉంటే అది కలిపాను.

వచ్చాయి! తెల్లటి బ్లాట్ మీద గోధుమరంగు గీతలు, దువ్వెన పళ్ళలా. పైన ఒక లావు గీత, కింద సన్నవి మూడో నాలుగో. నళిని నా భుజం పట్టుకుని ఊపేసింది. సార్ కూడా భూతద్దం తెచ్చుకుని చూశారు.

ఆగస్టు 6

పాలపొడి కొత్త డబ్బా వచ్చింది. కలిపాను. బ్లాట్ మొత్తం టీ రంగు.

మొన్న వచ్చినవి ఏమయ్యాయి?

ఆగస్టు 7

సార్ అన్నారు, నా వైపు చూడకుండా, నళినితో — "రీఏజెంట్ మంచిదే, నీ చెయ్యీ మంచిదే. మొన్న వచ్చింది కదా. అయితే ఒక రోజు వచ్చి ఒక రోజు రాకపోవడం ఏమిటి? ట్రేలు. ఎవరో ట్రేలు సరిగా కడగడం లేదు."

ఎవరో. ఈ గదిలో ట్రేలు కడిగే ఎవరో ఎంతమంది ఉన్నారు సార్?

 ఈ మాట ఇక్కడే రాసుకుంటున్నాను. పెద్ద చదువులు చదివిన మనిషి, ఒక్కసారి నా సింకు దగ్గరికి వచ్చి చూసి ఉంటే బాగుండేది.

ఆగస్టు 9

కొత్త ట్రేలు తీశాను. యాసిడ్‌లో నానబెట్టి, పన్నెండు సార్లు కుళాయి నీళ్ళు, ఆరు సార్లు డిస్టిల్డ్ వాటర్. నళిని పక్కన నిలబడి లెక్కపెట్టింది. బొట్టు నిలవలేదు. పాలపొడి కూడా వడగట్టి కలిపాను, గడ్డలేమైనా ఉన్నాయేమో అని.

టీ రంగు.

పక్క గదిలో వాళ్ళూ ఇదే డబ్బా పాలపొడి వాడతారు. వాళ్ళ బ్లాట్లు శుభ్రంగా వస్తాయి. వాళ్ళ ట్రేలూ నేనే కడుగుతాను. ఇది చెబుదామని సార్ గది దాకా వెళ్ళి వెనక్కి వచ్చాను. భయం.

ఆగస్టు 13

వచ్చే నెల నుంచి నన్ను దుప్పట్లు ఉతికే సెక్షన్‌కు మారుస్తారట. ఆఫీసు గుమాస్తా చెప్పాడు, పైగా జాలిగా. ఈ గదికి ఎవరో కొత్త మనిషి.

నళిని సార్‌తో గట్టిగానే మాట్లాడిందట. "అక్క కడిగేది నేను కండ్లారా చూసినాను సార్" అందట. సార్ "అయితే ఇంకేమిటి కారణం, నువ్వే చెప్పు" అన్నారట. 

ఆగస్టు 15, గురువారం

సెలవు. దేవుడి దయవల్ల.

తెల్లవారి కాఫీ తాగి ఈ డైరీ ముందు వేసుకుని కూర్చున్నాను. మంచి బ్లాట్ వచ్చిన రోజు నేనేం చేశాను, చెడ్డది వచ్చిన రోజు ఏం చేశాను. ట్రేలు అవే. సబ్బు అదే. నీళ్ళు అవే. ఆ రోజు ఏదో వేరుగా చేసి ఉండాలి. పేజీలు తిప్పుతుంటే శాంతి వచ్చి "ఏం వెతుకుతా ఉండావు మా" అంది.

జూలై 24 పాలపొడి, చెడ్డది.
జూలై 26 పాలపొడి, చెడ్డది.
ఆగస్టు 1 ఆల్బుమిన్, మంచిది.
ఆగస్టు 6 పాలపొడి, చెడ్డది.
ఆగస్టు 9 పాలపొడి, చెడ్డది.

శాంతికి చూపించాను. దానికి తెలుగు చదవడం నేనే నేర్పాను. రెండు సార్లు చదివింది. "మా, ఇది పాలపొడి పని మా. నీది కాదు."

పక్క గదిలో వాళ్ళకు అదే పాలపొడి ఎందుకు ఏమీ చేయదు? అది నాకు తెలియదు. తెలిసినది మాత్రం తప్పు కాదు.

ఆగస్టు 16

డైరీ సంచిలో వేసుకుని వెళ్ళాను. నళిని చేతికిచ్చాను. అటు తిప్పింది, ఇటు తిప్పింది. "అక్కా, జిలేబీలు చుట్టినట్టు ఉండాది. నువ్వే చదువు."

చదవడం మొదలుపెట్టాను. ఆగస్టు 1 దాకా వచ్చేసరికి ఆ పిల్ల ముఖం మారిపోయింది. తన నోట్‌బుక్ తీసింది. అందులో అన్ని రోజులూ ఒకే మాట, 'బ్లాకింగ్ అయిదు శాతం'. దేనితో అని ఎక్కడా లేదు. ఇద్దరం ఒకరినొకరం చూసుకున్నాం.

"పాలల్లో బయోటిన్ ఉంటాదక్కా" అంది మెల్లగా. "విటమిన్ గదా. పాలల్లో లేకుండా ఎట్ల ఉంటాది. మన స్ట్రెప్టావిడిన్ పోయి ఆ పాల బయోటిన్‌ను పట్టుకుంటా ఉండాది. బ్లాట్ అంతా. పక్క గదిలో వాళ్ళు బయోటిన్ వాడరు, యాంటీబాడీతో చేస్తారు. వాళ్ళకు పాలు ఏమీ చెయ్యవు."

ఆ తర్వాత నన్ను చెయ్యి పట్టుకుని సార్ గదిలోకి లాక్కుపోయింది. సార్ ముందు మళ్ళీ చదవాలి. సార్‌కు తెలుగు అర్థం కాదు, ఈ సైన్సు మాటలు తమిళంలో చెప్పడం నాకు రాదు, నేను చదివితే నళిని తమిళంలో చెప్పాలి. జూలై 24, 26, ఆగస్టు 1, 6 — బాగానే నడిచింది. ఆగస్టు 7 పేజీ వచ్చింది. 'పెద్ద చదువులు చదివిన మనిషి, ఒక్కసారి నా సింకు దగ్గరికి వచ్చి...'

ఆగిపోయాను. పేజీ తిప్పేశాను. "ఈ దినం బ్లాట్ లేదు" అన్నాను.  నళిని కళ్ళు నా వేలి మీదే ఉన్నాయి. అక్షరం రాకపోయినా ఆ పిల్లకు అర్థమైంది. పెదవులు బిగబట్టుకుంది.

సార్ కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. "రోజూ రాస్తావా?"

"రాస్తాను సార్."

"సోమవారం రెండు బ్లాట్లు పక్కపక్కనే. ఒకటి పాలతో, ఒకటి ఆల్బుమిన్‌తో. సారమ్మే కలపాలి. సారమ్మ కడిగిన ట్రేలే వాడాలి."

ఆగస్టు 20

నిన్న మొదలుపెట్టి ఇవాళ చూశాం. రెండు బ్లాట్లు, రెండు ట్రేలు, ఒకే రంగు మందు. పాలది టీ రంగు. ఆల్బుమిన్‌ది తెల్లగా, దువ్వెన పళ్ళలా గీతలు.

 తర్వాత సార్ చేసిన పని రాయకుండా ఉండలేను. నా సింకు దగ్గరికి నడిచి, ఆరబెట్టిన గొట్టం ఒకటి తీసి, కుళాయి కింద పట్టి, వెలుతురులో చూశారు. నీళ్ళు పలచగా జారిపోయాయి. "నేను తప్పు మాట్లాడాను, సారమ్మా" అన్నారు. అందరి ముందూ.

 "పర్వాలేదు సార్" అనలేదు. ఒక విధంగా అదే మంచిది. పర్వా ఉంది కదా.

దుప్పట్ల సెక్షన్ మాట ఇక లేదు.

ఆగస్టు 22

నా పేరు మీద ఒక రికార్డు పుస్తకం. గట్టి అట్ట, పేజీలకు నంబర్లు. పైన సార్ చేత్తో ఇంగ్లీషులో నా పేరు. "ఏ భాషలోనైనా రాయి, రోజూ రాయి" అన్నారు.

బస్సులో సంచిలోంచి మూడు సార్లు తీసి చూసుకున్నాను. పక్కన కూర్చున్న ముసలావిడ బైబిలా అని అడిగింది.

ఆగస్టు 27

నళిని నాకు బయోటిన్ అంటించడం నేర్పుతోంది. పొడి నీళ్ళలో కలిపాక ఆలస్యం చేయకూడదు, నిమిషాల్లో బలం పోతుంది. కణాలను ఐస్ మీద ఉంచాలి, అరగంట. తర్వాత గ్లైసిన్ పోస్తే మిగిలిపోయిన కొక్కేలన్నీ దాన్ని పట్టుకుని ఊరుకుంటాయి. గొట్టాన్ని ఎప్పుడూ కుదపకూడదు, వంచి వంచి కలపాలి. కుదిపితే కణాలు పగులుతాయి. పగిలితే లోపలివి బయటపడి వాటికీ అంటుకుంటుంది, అప్పుడు చేసినదంతా దండగ.

మూడు రోజులు ఉత్త నీళ్ళతో అభ్యాసం. ఇవాళ నిజం కణాలతో. 

"నీ చెయ్యి నా చెయ్యి కంటే మెత్తన అక్కా."

బదులుగా తనకు అ ఆ ఇ ఈ నేర్పుతున్నాను, భోజనాల వేళ. ఋ దగ్గర అలిగింది.

సెప్టెంబర్ 1, ఆదివారం

రత్నానికి అంతా చెప్పాను. రికార్డు పుస్తకం చూపించాను. చేతులు కడుక్కుని వచ్చి పట్టుకున్నాడు. ఎవరూ చెప్పకుండానే కడుక్కున్నాడు. పేజీలు తిప్పి — చదవడం రాదు — "అంతా నువ్వే రాసినావా" అన్నాడు.

సెప్టెంబర్ 2, సోమవారం

నా రక్తం సంచికి ఇవాళ అయిదు వారాలు. తీశాం. కణాలను కిందికి దించి, పై నీళ్ళను పెద్ద సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే, గొట్టం అడుగున లేత గులాబీ రంగు మరక. అదే వెసికిల్స్. లక్షలో, కోట్లో. నా కణాలు నన్ను అడగకుండా విడిచిన బుడగలు.

బయోటిన్ నేనే అంటించాను. నళిని చేతులు కట్టుకుని నిలబడింది, ఒక్కసారి కూడా జోక్యం చేసుకోలేదు.

సెప్టెంబర్ 3

బ్లాట్ తెల్లగా, గీతలు చక్కగా. ఒక వరుస కణాలది, ఒక వరుస బుడగలది. కణాల వరుసలో అన్నీ అనుకున్నట్టే. బుడగల వరుసలో లావు గీత ఉంది. దాని కింద — ఒక గీత ఎక్కువ. సన్నగా, గట్టిగా. కణాల వరుసలో లేదు.

నళిని స్కేలు పెట్టి కొలిచింది. మళ్ళీ కొలిచింది. ఏ రీసెర్చ్ పేపరులోనూ ఇది చదవలేదట.

సెప్టెంబర్ 4

సార్ భూతద్దంతో చూశారు. "ఎవరు చేశారు?"

"సారమ్మక్క" అంది నళిని.

 పోయినసారి మాట గుర్తున్నట్టుంది, జాగ్రత్తగా అన్నారు. "బుడగలు పగిలి లోపలి ప్రోటీన్‌కు అంటుకొని ఉండవచ్చు. కొత్త చెయ్యి కదా."

పగిలితే లోపలి హీమోగ్లోబిన్ గీత అన్నిటికంటే అడుగున కొట్టొచ్చినట్టు కనపడాలి. నళిని నాకు నేర్పింది. ఆ చోటు ఖాళీగా ఉంది. ఈసారి సార్ గది గుమ్మం దగ్గర ఆగలేదు. వేలు పెట్టి చూపించాను. "ఇక్కడ ఏమీ లేదు సార్."

సార్ నన్ను చూశారు. బ్లాట్‌ను చూశారు. "అవును" అన్నారు. "లేదు."

అయినా ఒక్కసారి చేసినదాన్ని ఎవరూ నమ్మరట. అది నా మీద అనుమానం కాదు, పద్ధతి అన్నారు. సైన్సులో ఎవరికైనా అంతేనట. ఎవరికైనా అన్న మాటలో నేనూ ఉన్నాను.

సెప్టెంబర్ 6

తీర్మానం. మళ్ళీ రక్తం, కానీ ఇద్దరిది. నాది ఒకటి. రెండోది ఎవరిది? సార్ చొక్కా చేతి గుండీ విప్పుతూ, "నాది" అన్నారు.

నేను ఇచ్చి మూడు నెలలు కానిదే మళ్ళీ తీయరు. అక్టోబర్ చివరిదాకా ఆగాలి.

సెప్టెంబర్ 29

రత్నం అడిగాడు, ఆ గీత ఏమైంది అని. ఆనకట్ట దగ్గర అందరికీ చెప్పేశాడట. "నా పెండ్లాం రక్తంలో కొత్త గీత కనిపెట్టింది" అని. కనిపెట్టలేదు, ఇంకా తేలలేదు అన్నాను. "తేలుతుంది లే" అన్నాడు, నాకంటే ధైర్యంగా.

అక్టోబర్ 17

ఎడతెగని వాన. బ్లాట్లు లేవు. నళిని థీసిస్ రాసుకుంటోంది. నేను కడిగాను, ఆరబెట్టాను, రికార్డులో రాశాను. తను ఇవాళ తన పేరు తెలుగులో రాసింది. 'ళ' కి బదులు 'ల'. దిద్దాను.

అక్టోబర్ 30, బుధవారం

రెండు సంచులు. సార్ మంచం మీద పడుకుని సూది వైపు చూడకుండా పైకప్పు వైపు చూశారు. ఇన్నేళ్ళుగా రక్తం మీద పనిచేసే మనిషి. నేను పక్క మంచం మీద.  చివర్లో సార్ అడిగారు — "నొప్పిగా ఉందా?" "లేదు సార్." "నాకు ఉంది" అన్నారు.

నవంబర్ 10, ఆదివారం

రత్నానికి చెప్పాను, ఈసారి గొట్టాల మీద పేర్లు ఉండవని, నళిని ఒకటి, రెండు అని నంబర్లు వేస్తుందని, ఏది ఎవరిదో నాకూ సార్‌కూ తెలియదని. అర్థం కాదనుకున్నాను.

"మాకూ అట్లనే గదా" అన్నాడు. "కాంక్రీటు పోసేటప్పుడు క్యూబులని చిన్న దిమ్మెలు తీసి నంబరు రాసి పంపిస్తారు. ఇరవై ఎనిమిది దినాలు పోయినాక యంత్రంలో పెట్టి నొక్కి పగలగొడతారు. ఎవరు కలిపిన కాంక్రీటో ఆడ ఉండే వానికి తెల్దు. తెలిస్తే వాడు నా మొహం చూసి నొక్కుతాడు."

"నీ క్యూబు ఎప్పుడైనా ఓడిందా?"

"ఒకసారి. నీళ్ళు జాస్తి పోసినారు. నేను కాదు." చేతుల మీది పగుళ్ళు చూసుకుని — "నేనే."

ఇరవై ఏళ్ళ కాపురంలో ఇది నాకు చెప్పడం ఇదే మొదటిసారి.

డిసెంబర్ 4, బుధవారం

అయిదు వారాలు నిండాయి. నళిని తలుపు వేసుకుని ఒక్కతే రెండు సంచుల నుంచి గొట్టాల్లోకి పోసింది. ఒకటి. రెండు. ఏది ఎవరిదో చీటీ రాసి, కవర్లో పెట్టి, అంటించి, తన హ్యాండ్‌బ్యాగులో వేసుకుంది.

రెండు గొట్టాల అడుగునా ఒకే గులాబీ మరక. చూసి చెప్పడానికి ఏమీ లేదు.

డిసెంబర్ 5

సార్ స్టూల్ వేసుకుని కూర్చున్నారు, మొదటి నుంచి చివరిదాకా. సీసా గంటసేపు బయట. పొడి కలపడం, ఐస్, అరగంట, గ్లైసిన్. ఒకటికి ఎంతో రెండుకూ అంతే. వంచి వంచి కలిపాను. ఎవరూ చూడకపోయినా అలాగే చేసేదాన్ని. ఇది మాత్రం సార్‌కు తెలిసే మార్గం లేదు.

మధ్యాహ్నం నళిని పొన్నైకి బయలుదేరింది, మేనత్త కొడుకు పెళ్ళి. సోమవారం వస్తుంది. చీటీ తనతోనే. "ఇచ్చిపో" అన్నారు సార్. "ఇయ్యను సార్, మీరే గదా ఎవరికీ చూపించొద్దన్నారు" అంది. పోయింది.

డిసెంబర్ 6, శుక్రవారం

ఆల్బుమిన్ కలిపింది నేను. స్ట్రెప్టావిడిన్ పోసింది నేను. రంగు మందు పోయమని సార్‌కు ఇవ్వబోతే, "నువ్వే" అన్నారు.

మొదట లావు గీతలు లేచాయి, రెండింటిలోనూ ఒకేసారి. ఆ తర్వాత అడుగు వైపు చూస్తూ ఉన్నాం. అడుగున హీమోగ్లోబిన్ చోటు ఖాళీ. రెండింటిలోనూ ఖాళీ. తర్వాత, మెల్లగా, రెండో నంబరు బుడగల వరుసలో — సన్నగా, గట్టిగా, అదే చోట.

ఒకటో నంబరులో లేదు. ఇంకా అయిదు నిమిషాలు ఆగాం. లేదు.

సార్ లేచి నిలబడ్డారు. "ఒకే చెయ్యి, ఒకే సీసా, ఒకే ట్రే" అన్నారు. "ఒకదానిలో ఉంది, ఒకదానిలో లేదు. అయితే ఇది చెయ్యి వల్ల వచ్చింది కాదు. రక్తంలోనే ఉంది." నాతో కాదు, బ్లాట్‌తో చెప్పినట్టు అన్నారు. అయినా విన్నాను. ఇక్కడ రాసుకోవడానికే బస్సులో మాట మాట గుర్తు పెట్టుకుంటూ వచ్చాను.

రెండో నంబరు నాదైతే సెప్టెంబర్‌లో చూసినది నిజమే. సార్‌దైతే — సెప్టెంబర్‌లో నాలో ఉన్నది ఇప్పుడు ఎందుకు లేదు? ఆ గీత ఏమిటో సార్‌కూ తెలియదట. మంచిదా చెడ్డదా అని అడిగితే, "ఇంకా ఎవరికీ తెలియదు" అన్నారు.

డిసెంబర్ 7, శనివారం

సగం పూట డ్యూటీ. పొన్నైలో నళిని వాళ్ళింట్లో ఫోను లేదు, ఏది ఎవరిదో సోమవారం చీటీ వస్తేనే తేలేది. బ్లాట్ ఆరింది. గీత ఇంకా ఉంది, నిన్నటి కంటే కొంచెం లేతగా. సార్ మూడు సార్లు వచ్చి చూసి వెళ్ళారు. మూడోసారి ఎడమ మోచేతి మడత దగ్గర, సూది గుచ్చిన చోట, బొటనవేలితో రుద్దుకుంటూ నిలబడ్డారు. సూది మచ్చ ఎప్పుడో మానిపోయి ఉంటుంది.

"సారమ్మా, రెండోది నీదేనని అనుకుంటున్నావా?"

"తెలియదు సార్."

"నీదైతే బాగుండునని ఉందా?"

దీనికి జవాబు ఆలోచిస్తూ ట్రేలు కడిగాను. కడిగి, వెలుతురులో పట్టి చూసి, బోర్లించేసరికి సార్ వెళ్ళిపోయారు.